కత్తిరించిన నాలుగు సెకన్లు

"ఇదిగో, ఇంకో పది. వీటిల్లోనూ మావాడి ఊసే లేదు," అంటూ హల్డా చేతిలోని కార్డులను కాఫీ కెటిల్ పక్కన విసిరినట్టు పెట్టింది.

వెర్నా వాటిని అందుకుంది. నిన్న సాయంత్రం రివర్‌సైడ్ అనే ఊళ్లో, విడుదలకు ముందు సినిమా వేసి చూపించినప్పుడు జనం రాసి ఇచ్చిన కార్డులవి. మొత్తం రెండు వందల పద్దెనిమిది. తెల్లవారినప్పటి నుంచి వంటింటి బల్ల మీద అవే పరిచి ఉన్నాయి. బాగుందన్నవి ఒకవైపు, బాగాలేదన్నవి ఒకవైపు. మొదటి దొంతర జానెడు లేచింది. రెండోది వేలి మందం కూడా లేదు.

సినిమా నిలబడిందని సంతోషించాల్సిన రోజు. ఇంట్లో మాత్రం చావింటి కళ.

"హీరోయిన్ ఏడుపు బాగుందట. హీరోయిన్ టోపీ బాగుందట. ఆఖరికి గుర్రం బాగా చేసిందని రాశాడొకడు," అంది హల్డా పెనం మీద పాన్‌కేకు తిరగేస్తూ. "మావాడు గుర్రానికన్నా తీసిపోయాడు."

"గుర్రం తన వంతు వచ్చినప్పుడు ఆలస్యం చెయ్యలేదు హల్డా."

"నువ్వు తీసేశావు కాబట్టి అలా అంటావు! మా ఒహాయోలో పెళ్లాలు మొగుళ్ల జుట్టు కత్తిరిస్తారు. మొహం జోలికి మాత్రం పోరు."

హల్డా వెర్నాకు ఆడబిడ్డ. తమ్ముడికి వచ్చే అభిమానుల ఉత్తరాలకు జవాబులు రాయడానికని ఆరేళ్ల కిందట వచ్చి, ఇంటి తాళాల దాకా ఎదిగింది. తమ్ముణ్ణి లోకమంతా ఎల్లిస్ వార్డెన్ అంటుంది. అది స్టూడియో పెట్టిన పేరు. అమ్మానాన్నలు పెట్టిన ఎల్మర్ అనే పేరుతో పిలిచేది ఇప్పుడు హల్డా ఒక్కతే.

అమ్మే సరుకు మొహమైనప్పుడు దాని గిరాకీ తగ్గిన సంగతి ఆ మొహం ఉన్నవాడికే ఆఖరున తెలుస్తుంది. వెర్నాకు అందరికన్నా ముందు తెలిసింది. ఆ స్టూడియోలో ఫిల్ము కత్తిరించి అతికే పని ఆమెది. పదహారేళ్ల అనుభవం. మొగుడి సినిమాలన్నీ ఆమె బల్ల మీది నుంచే బయటికి వెళ్లాయి. ఈసారి వీడ్కోలు ఘట్టంలో అతని క్లోజప్పులు నూట పన్నెండు అడుగులు తీసి పక్కన పెట్టింది. అంటే తెర మీద ఒక నిమిషం పదిహేను సెకన్లు.

ఎల్లిస్ వంటింట్లోకి వచ్చాడు. గడ్డం గీసుకుని, ఆదివారం కోటు తొడుక్కుని ఉన్నాడు. కిటికీకి వీపు పెట్టి, వెలుతురు వెర్నా మొహం మీద పడేలా ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పుడూ అతను కూర్చునే చోటు అదే.

"నిన్న నా మొహం ఏమైంది?" అన్నాడు.

రివర్‌సైడ్ నుంచి ఇంటికి వచ్చిన రెండు గంటలూ కారులో ఆమె మాట్లాడుతూనే ఉంది. అతను నోరు విప్పలేదు. ఇదే మొదటి మాట.

"ముందు కాఫీ తాగు."

"నా మాటలు వచ్చేచోట కూడా తెర మీద ఆ పిల్ల మొహమే. ఎవడో గోడ వెనక నిలబడి మాట్లాడుతున్నట్టు. పద్నాలుగు సినిమాలు చేశాను వెర్నా. నా సినిమాలో నేను గోడ వెనక ఎప్పుడూ నిలబడలేదు."

"పోమోనాలో నవ్వారు, ఎల్లిస్."

"ఎవరు నవ్వారు?"

"థియేటరంతా."

పోమోనా ఊళ్లో మంగళవారం మొదటిసారి చూపించారు. అప్పటికి ఆ నూట పన్నెండు అడుగులూ సినిమాలోనే ఉన్నాయి. హీరోయిన్ "ఇంకేం లేదా చెప్పడానికి?" అని అడుగుతుంది. హీరో చూస్తూ ఉంటాడు. చూస్తూనే ఉంటాడు. మేడ మీది వరసల్లో మొదలైన నవ్వు మెట్లు దిగినట్టు కిందికి వచ్చింది.

"నేనక్కడే ఉన్నాను. ఆఖరి వరసలో," అన్నాడు ఎల్లిస్. "వాళ్ల భుజాలు కదలడం నా కళ్లతో చూశాను. ముందు వరసలో ఒకావిడ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్లు ఏడ్చారు వెర్నా. ఆ ఏడుపునే నువ్వు కత్తిరించావు."

వెర్నా అతని కళ్లలోకి చూసింది. అబద్ధమాడుతున్న మనిషిలా లేడు. తనను తాను మోసం చేసుకునే మనిషి కూడా ఇలాగే ఉంటాడు కాబోలు అనుకుంది. ఏప్రన్ జేబులోంచి పోమోనా కార్డొకటి తీసి ముందు పెట్టింది.

పెన్సిలుతో గుండ్రటి రాత: ఆ పెద్దమనిషిని ఎవరైనా తట్టి లేపండి, పాపం అమ్మాయికి రైలు తప్పిపోతుంది.

హల్డా వెనక నుంచి వంగి చదివింది. నవ్వు రాబోయి ఆగింది. "పోమోనా వాళ్లకేం తెలుసు, నారింజపళ్లు ఏరుకునేవాళ్లు," అని పొయ్యి వైపు తిరిగింది.

"ఇలాంటివి నలభై ఒకటి," అంది వెర్నా. "కెల్సో బల్ల మీద ఉన్నాయి."

కెల్సో స్టూడియో పెద్ద. ఎల్లిస్ ఒప్పందం పేరుకు ఏడేళ్లది. నిజానికి ఏడాదికోసారి కొనసాగించాలా వద్దా అన్నది స్టూడియో ఇష్టం. కొనసాగిస్తే నటుడు సంతకం పెట్టాలి. ఆ నిర్ణయం రేపు, సోమవారం, పదింటికి.

ఎల్లిస్ కార్డును బోర్లా పెట్టాడు. "మంచిది. రేపు పదింటికి కెల్సో ముందు నేను చెప్పే మాట ఒక్కటే. ఆ నూట పన్నెండు అడుగులూ తిరిగి అతకాలి. లేకపోతే సంతకం పెట్టను."

"పెట్టనంటే పోనీ అంటాడు. ఆ మాట కోసమే కాచుకుని కూర్చున్నాడు. రేడియోలో మాట్లాడే కుర్రాడొకడు వచ్చాడు. ముప్ఫై నిండలేదు. వాడికి నీ కోట్లు తొడిగి చూశారట."

"నా కోట్లా?"

"బట్టల గదిలో అమ్మాయి చెప్పింది. భుజాలు సరిపోయాయట."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఎల్లిస్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. బయట తోటలో నీళ్ల గొట్టం తిరుగుతోంది. ఇద్దరికీ వీపు చూపించి నిలబడ్డాడు.

"ఆ పని చెయ్యకు ఎల్లిస్," అంది వెర్నా. జవాబు లేదు.

"నా మాట విను. ఈ ఒక్కసారి." జవాబు లేదు.

"నేను నీ శత్రువునా? కనీసం తిట్టు. తిట్టినా బాగుంటుంది."

వీపు కదలలేదు. బేరంలో ముందు కోపం వచ్చినవాడికే నష్టమంటారు. కోపం కూడా రానివాడితో బేరం ఎలా ఆడాలో వెర్నాకు తెలియలేదు.

"మా నాన్నా అంతే," అంది హల్డా గొంతు తగ్గించి. "కోపమొస్తే గోడ. మా అమ్మ గోడతోనే నలభై ఏళ్లు కాపురం చేసింది."

వెర్నా లేచి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను ఉలిక్కిపడి తిరిగాడు.

"టోపీ తీసుకో," అంది. "స్టూడియోకి పోదాం. నీకొకటి చూపించాలి."

*

ఆదివారం కాబట్టి గేటు దగ్గర కాపలాదారు గస్ ఒక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ కూడానా మిసెస్ వార్డెన్? దేవుడే సెలవు తీసుకున్నాడు గదా!"

"దేవుడికి గురువారం విడుదల లేదు గస్."

గస్ నవ్వి ఎల్లిస్ వైపు తిరిగి, వంగి గేటు కొక్కెం తీస్తూ అన్నాడు, "మీ కారు వెనక టైరులో గాలి తగ్గింది సార్. వెళ్లేటప్పుడు చూసుకోండి."

ఎల్లిస్ టోపీ ఎత్తి చక్కగా నవ్వాడు. "నీక్కూడా గస్, నీక్కూడా," అని ముందుకు నడిచాడు. గస్ బుర్ర గోక్కున్నాడు.

కత్తిరింపు గదుల వరస స్టూడియో వెనక భాగంలో, మిగతా కట్టడాలకు దూరంగా ఉంటుంది. దూరంగా ఎందుకంటే ఆ రోజుల ఫిల్ము గడ్డివాము కాదు, మందుగుండు. రవ్వ తగిలితే మనిషి తలుపు చేరేలోపు గది ఉండదు. అక్కడ పనిచేసేవాళ్లు సిగరెట్లు గేటు దగ్గరే వదిలేస్తారు. 'మంట' అనే మాట వేళాకోళానికి కూడా అనరు. రెండేళ్ల కిందట కొత్తగా వచ్చినవాడొకడు సరదాకి అన్నాడు. పక్క గదిలో ఆరునెలల గర్భిణి కిటికీలోంచి దూకింది. వాణ్ణి ఆ పూటే పంపేశారు.

వెర్నా తన గది తాళం తీసింది. తెల్ల నూలు చేతితొడుగులు తొడుక్కుంది. అలమర అడుగున, పాత గుడ్డల కింద దాచిన తగరపు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

సినిమా విడుదలయ్యాక కత్తిరించిన ముక్కల్ని ఎవరూ దాచరు. కరిగించి వెండి తీసుకోవడానికి పంపేస్తారు. ఈ డబ్బాలోవి మాత్రం పంపలేదు. అడుగున అద్దం, అద్దం కింద దీపం ఉన్న బల్ల మీద ముక్కల్ని ఒక్కొక్కటే పరిచింది. ప్రతిదాని చివర తెల్ల సిరాతో ఒక అంకె.

"దగ్గరికి రా. ఇది నాలుగేళ్ల కిందటిది. యుద్ధం సినిమా. అవతలివాళ్ల మాట అయిపోయాక నువ్వు నోరు తెరవడానికి పట్టింది పన్నెండు ఫ్రేములు. అర సెకను. దాని తరవాతది ఇరవై. ఇది ముప్ఫై ఒకటి. పోయిన ఏడాది యాభై రెండు. ఇది..." ఆఖరి ముక్క బల్ల అంచు దాటి వేలాడింది. "ఇది తొంభై ఆరు. నాలుగు సెకన్లు."

ఎల్లిస్ ముక్కల్ని చూశాడు. అన్నింట్లోనూ తనే. నోరు మూసుకుని, కళ్లు విప్పుకుని, ఎదురుచూస్తూ.

"ఇవన్నీ తీసేశావా?"

"తీసేశాను. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఎవరికీ తెలియకుండా మధ్యలో ఖాళీ లాగెయ్యొచ్చు. ఇప్పటిదాకా లాగాను. ఈసారి లాగలేకపోయాను. అంత ఖాళీ తీస్తే బొమ్మ ఎగిరి పడుతుంది. అందుకే మొహమే తీసెయ్యాల్సి వచ్చింది."

"పత్రికలవాళ్లు రాస్తారే," అన్నాడు ఎల్లిస్ నెమ్మదిగా. "వార్డెన్ జవాబు కొరడా దెబ్బలా పడుతుందని."

"కొరడా నాది."

అనకూడని మాట అన్నానని ఆమెకు తెలిసింది. ఈ ఊళ్లో మొహం చెల్లినన్నాళ్లే మనిషి చెల్లుబాటు. ఆ చెల్లుబాటు తన చేతి చలవ కాదని తెలిసిన మగవాడికి ఇంట్లో మిగిలేది తక్కువ.

"నాలుగేళ్లు," అన్నాడు. "నాలుగేళ్లుగా నాతో ఒకే బల్ల మీద తింటూ ఈ సంగతి దాచావు."

"నువ్వు దాచినదేమిటో తెలియక దాచాను. తెలిసి ఉంటే అడిగేదాన్ని." "మాటలు మరిచిపోతున్నావా? తాగుతున్నావా? ఆ పిల్ల మొహం చూస్తూ లోకం మరిచిపోతున్నావా? ఏదైనా సరే చెప్పు."

"ఇవేవీ కావు."

"మరేమిటి?"

అతను ఆ పొడుగాటి ముక్కను అందుకుని మూవియోలాలోకి ఎక్కించాడు. కాలితో తొక్కితే ఫిల్ము కదిలే యంత్రమది. అరచేతంత అద్దంలో బొమ్మ కనబడుతుంది. కుట్టుమిషనులా చప్పుడు చేస్తుంది. అతను వంగి అద్దంలోకి చూస్తూ తొక్కాడు. వెర్నా వెనక నిలబడి అతని భుజం మీదుగా చూసింది.

ఇది ఆమె నూరోసారి చూడటం. కత్తిరించేవాడి కన్ను ఎక్కడ తెంపాలా అని చూస్తుంది. ఎందుకని చూడదు. ఈసారి కత్తెర చేతిలో లేదు. అందుకని బొమ్మలోని మనిషి కళ్లు ఎటు ఉన్నాయో చూసింది.

మాటలు మరిచిపోయినవాడి కళ్లు పైకి పోతాయి, లేదా పక్కకి పోతాయి. ఇతని కళ్లు అటూ ఇటూ పోలేదు. కెమెరా పక్కన నిలబడ్డ మనిషి గడ్డం దగ్గర ఆగి ఉన్నాయి. ఆకలిగా, పట్టుదలగా, అక్కడే.

కెమెరా పక్కన ఆ రోజు ఎవరున్నారు? మామూలుగా ఇతని క్లోజప్పులకు హీరోయినే నిలబడి తన మాటలు తనే చెప్పాలి. అది ఇతని పట్టుదల. పెద్ద నటులు ఆ పని స్క్రిప్టు చూసే పిల్లకు వదిలేసి ఇంటికి పోతారు, వార్డెన్ మాత్రం పెద్దమనిషి, ఎదుటివాళ్లను గౌరవిస్తాడు అని పేరు. ఆ రోజు హీరోయిన్ తలనొప్పని వెళ్లిపోయింది. స్క్రిప్టు పిల్ల పెగ్ కాగితంలో తల దూర్చి చదివింది.

తల దూర్చి చదివింది.

మూవియోలా ఆగింది. చప్పుడు పోయింది. అతను ఇంకా అద్దంలోకే చూస్తున్నాడు.

"ఎల్లిస్," అంది వెర్నా అతని వీపుతో.

కదలలేదు.

ఆ గదిలో ఎవరూ అనని మాటను ఆమె నోటినిండా అంది. "మంట!"

పక్క గదిలో ఎవరైనా ఉంటే ఈపాటికి ప్రాంగణంలో ఉండేవాళ్లు. ఎల్లిస్ చూపుడు వేలితో ఫిల్మును ఒక ఫ్రేము వెనక్కి జరిపాడు. ఇంకో ఫ్రేము జరిపాడు. అప్పుడు నడుము నిటారుగా చేసి తాపీగా వెనక్కి తిరిగాడు.

"ఇందులో నేను బాగానే ఉన్నాను కదా?" అన్నాడు.

వెర్నా గొంతు మూసేసింది. శ్వాస కూడా బయటికి రానివ్వలేదు. పెదాలు మాత్రం కదిపింది: నా మాట నీకు వినబడుతోందా?

"ఎందుకు వినబడదు?" అన్నాడు ఎల్లిస్. "చెప్పు."

ఆమె చేతితొడుగున్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఆ చేతిని చూశాడు. నీళ్లు నిండుతున్న ఆమె కళ్లను చూశాడు. తను జవాబు చెప్పిన ప్రశ్నకు శబ్దం లేదని అప్పుడు అర్థమైంది. మొహంలో రక్తం దిగిపోయింది. కెమెరా ముందు ఏ దర్శకుడూ రాబట్టలేని మొహం అది.

స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఎడమ చెవి ఫిరంగి మోతతోనే పోయింది," అన్నాడు. "యుద్ధం సినిమాలో. గుండు లేదు, ఉత్త మందే, ఏం కాదన్నారు. కుడిది కొంచెం కొంచెంగా పోతోంది. పాసడీనాలో డాక్టరున్నాడు. ఆయన దగ్గర నేను ఎల్మర్ వుర్ట్జ్‌ని, పాల డిపో గుమాస్తాని. ఇంకో ఏడాదికి ఏమీ మిగలదన్నాడు."

"నిన్న కారులో..."

"చీకటి కదా. నీ పెదాలు కనపడలేదు." ఆగాడు. "నువ్వు మాట్లాడావా?"

"రెండు గంటలు."

"నువ్వే అలిగి నోరు మూసుకున్నావనుకున్నాను. నాకూ కోపం వచ్చింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు స్టూడియో మనిషివి. నీకు చెబితే నీ మీద ఒక బరువు పెట్టినట్టే. ఒప్పందంలో ఉంది కదా, శరీరం పనికిరాకపోతే ఆ రోజుతో సరి అని. అంతేనా అంటే అంతే కాదు." తల దించుకున్నాడు. మళ్లీ వెంటనే ఎత్తాడు, ఆమె పెదాలు చూడాలి కాబట్టి. "నాకు తెలిసిన వర్తకం ఇదొక్కటే వెర్నా. పదేళ్ల కిందట సినిమాకి నోరు లేదు. అప్పుడైతే ఇది లోపమే కాదు. చెవిటివాడు రాజులా బతికేవాడు."

"పోయిన నెల సెట్టులో దీపస్తంభం పడింది," అంది వెర్నా. ఒక్కో మాటా విడివిడిగా, మొహం ఎత్తి. "జానెడు దూరంలో. అందరూ కేకలు వేశారు. నువ్వు కదల్లేదు. ఉక్కు గుండె అని పత్రికలో వేశారు."

"అవును. హల్డా ఆ ముక్క కత్తిరించి అద్దంలో బిగించింది."

"అది గుండె కాదు."

"కాదు."

అతను ముందుకు వంగి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. గొంతులో కొత్త హుషారు వచ్చింది. బేరగాడు సరుకు లోపం ఒప్పేసుకున్నాక వచ్చే హుషారు.

"విను. ఇప్పుడు నీకు తెలుసు. ఇంకా మంచిది. ఆ నూట పన్నెండు అడుగులూ నాకొద్దు. రేపు నోరెత్తను, సంతకం పెట్టేస్తాను. నువ్వు కత్తిరిస్తూ ఉండు. ఖాళీలు ఎక్కడొస్తాయో ముందే చెప్పుకుందాం. హీరోయిన్ ఎప్పుడు తల తిప్పాలో నేను దర్శకుడికి నూరిపోస్తాను. ఇద్దరం కలిస్తే మూడేళ్లు లాగించొచ్చు. ఎవరికీ తెలియదు. నాలుగేళ్లు నాకే తెలియనివ్వలేదు నువ్వు!"

తూకం వేసేవాడికి సరుకు మీద మమకారం ఉండకూడదంటారు. వెర్నా మనసులో తూచింది. మూడేళ్లు. అతని మొహం గోడల మీద, అతని నడకలో ఆ ఠీవి, హల్డా రాసే ఉత్తరాలు. అది ఒక పళ్లెంలో. రెండో పళ్లెంలో ఏముందో ఆమెకు గుర్తొచ్చింది.

"నీ తరవాతి సినిమా ఏది?"

ఎల్లిస్ చేతులు వదిలాడు. "రైలుది."

"స్క్రిప్టు నేనూ చదివాను. పట్టాల మీద పదకొండు సీన్లు. వంతెన మీద పరుగు. వెనక నుంచి బండి."

"వెనక మనుషులుంటారు. జెండాలు ఊపుతారు."

"వెనక ఉన్నవాళ్లు నీకు కనపడరు. బండికి పెదాలు ఉండవు ఎల్లిస్."

"ఆ సీన్లకి డూపుని పెట్టమంటాను."

"ఉక్కు గుండె వార్డెన్‌కి డూపా? ఎందుకని అడుగుతారు. ఏం చెబుతావు?"

అతను జవాబు చెప్పలేదు. ఈ మౌనం మాత్రం చెవులది కాదు.

గోడకున్న టెలిఫోను మోగింది. వెర్నా ఉలిక్కిపడింది. ఆమె ఉలికిపాటు చూసి ఎల్లిస్ గోడ వైపు చూశాడు.

"మోగుతోందా?" అన్నాడు.

ఆమె తలూపి రిసీవరు ఎత్తింది.

"నీ ఆడబిడ్డ చెప్పింది ఇక్కడున్నారని," అంది కెల్సో గొంతు. పలకరింపులు లేవు. ఆయన ఎప్పుడూ అంతే. "రివర్‌సైడ్ కార్డుల సంగతి విన్నాను. సినిమా నిలబెట్టావు వెర్నా."

"థాంక్స్, మిస్టర్ కెల్సో."

ఆ పేరు ఆమె పెదాల మీద కనపడగానే ఎల్లిస్ లేచి నిలబడ్డాడు. రెండడుగులు దగ్గరికి వచ్చి, పక్కగా, ఆమె నోరు బాగా కనబడేచోట ఆగాడు.

"రేపటి కాగితాలు నా ముందున్నాయి," అన్నాడు కెల్సో. "రైలు సినిమా వార్డెన్‌తోనే చెయ్యాలని ఉంది. కుర్రాడికి భుజాలున్నాయి గానీ మొహంలో ఇంకా ఏమీ రాయలేదు దేవుడు. కానీ పెగ్ ఏదో అంది. మీ ఆయన తన వైపు వింతగా చూశాడట, రెండుసార్లు చదివినా పలకలేదట. నా డాక్టరు గుండె చూస్తాడు, నాలుక చూస్తాడు. అతనికేం తెలుస్తుంది? వార్డెన్‌ని అడుగడుగూ చూసినదానివి నువ్వు. పదహారేళ్లలో నాతో ఒక్క అబద్ధం ఆడలేదు. అతనిలో నాకు తెలియాల్సిన లోపం ఏదైనా ఉందా? ఉంది, లేదు. ఒక్క మాట. లేదంటే ఇప్పుడే సంతకం పెట్టి పెన్ను మూసేస్తాను."

వెర్నా మొగుడి వైపు చూసింది. అతని కళ్లు ఆమె పెదాల మీద ఉన్నాయి. ఆ తొంభై ఆరు ఫ్రేముల్లో ఉన్న చూపే. ఆకలిగా, పట్టుదలగా. తల కొంచెం అడ్డంగా ఊపాడు. చెప్పకు. ఏమీ చెప్పకు.

ఆమె నెమ్మదిగా గోడ వైపు తిరిగింది. రిసీవరు చుట్టూ అరచెయ్యి దొన్నెలా పట్టింది.

"ఉంది, మిస్టర్ కెల్సో," అంది.

తీగ అవతల కెల్సో కుర్చీ కిర్రుమంది.

"ఏమిటది?"

వెనక నుంచి ఎల్లిస్ చెయ్యి ఆమె భుజం మీద పడింది. మెత్తగా, నమ్మకంగా.

"ఏమంటున్నాడు వెర్నా?" అన్నాడు. "ఒప్పుకున్నాడా?"